బాలింతకు ఎండా కావాలి, పలకరింపూ కావాలి



ఎల్‌కేజీ, యూకేజీల్లో ఏటా కొందరు పిల్లలకు చెల్లో తమ్ముడో పుడతారు. అప్పటినుంచి డైరీలో సంతకం నాన్నదో నానమ్మదో అవుతుంది. "మమ్మీ ఏడుస్తది టీచర్" అని కొందరు పిల్లలు చెబుతుంటారు. కాన్పైన మొదటి రెండు వారాలు కన్నీళ్లు రావడం మామూలే. అది దాటినా ఏడుపు ఆగక, బిడ్డ పడుకున్నా తనకు నిద్రపట్టక, దేనిమీదా మనసు లేకుండా ఉంటే అది బద్ధకం కాదు, జబ్బు.

ఈ మధ్య దీనికి చాలామంది చెబుతున్న మందు విటమిన్ డి. మన సిరికొండలో పసుపు కొమ్ములు ఆరబెట్టేంత ఎండ ఉంది, డి లోపమేమిటి అనిపిస్తుంది. కానీ అంతే ఎండ ఉన్న తిరుపతిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే, పల్లెల్లోనూ పట్నంలోనూ, ఈ లోపం ఎక్కువని అక్కడి వైద్యుల అధ్యయనం 2007లో చెప్పింది. ఇక బాలింత సంగతి సరేసరి. కిటికీలు మూసి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి కూర్చోబెడతాం. చలిగాలి వద్దంటే అర్థముంది, చీకటెందుకో నాకైతే తెలియదు. అద్దంలోంచి వచ్చే ఎండతో డి తయారు కాదు. పొద్దున ఏడింటి లేత ఎండలో ఆ కిరణాలు చాలా తక్కువ, పదకొండు నుంచి రెండు మధ్య ఎక్కువ. చలికాలంలో అయితే ఆ వేళ బిడ్డను అత్తమ్మకిచ్చి తల్లి కాసేపు వాకిట్లో కూర్చోవచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం వద్దు.

డి తక్కువున్న గర్భిణుల్లో, బాలింతల్లో దిగులు ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. గోలీతో దిగులు పోతుందని మాత్రం గట్టిగా తేలలేదు. దిగులుతో గది దాటకపోవడం వల్లే డి తగ్గి ఉండొచ్చు కూడా. లోపముంటే మందు వాడాల్సిందే, కానీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఐసీఎంఆర్ లెక్క రోజుకు 600 యూనిట్లు. మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల గోలీ అంటే వంద రోజులది. సొంతంగా కొని మింగుతూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు.

గోలీ ఇచ్చి ఊరుకోవడం మీదే నా అభ్యంతరం. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వెళ్లినప్పుడు బిడ్డ బరువు అడుగుతాం. పక్కనే ఉన్న తల్లిని ఎవరూ అడగరు. 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు, గత ఏడు రోజులు మనసు ఎలా ఉందన్నదే. ఆ రోజే డాక్టర్‌ను అడిగి అది చేయించండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఆమె నోట వస్తే ఒంటరిగా వదలకుండా అప్పుడే దవాఖానకు తీసుకెళ్లండి. టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో కాన్పైతే డైరీలో ఒక ముక్క రాయండి. పెద్ద పిల్లల హోంవర్క్ విషయంలో మేం కొన్నాళ్లు చూసీచూడనట్టు ఉంటాం.