కడుపులోకి కెమెరా

క్షిపణులకు చూపునిచ్చే పరికరాలపై పనిచేసిన ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియెల్ ఇడాన్, మనిషి పేగుల్లోకి చూసే మాత్రకు కూడా రూపకర్త కావడం విశేషమే. 11 మిల్లీమీటర్ల మందం, 26 మిల్లీమీటర్ల పొడవు గల ఈ కెమెరా మాత్రకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో అనుమతినిచ్చింది. మంచినీళ్లతో మింగితే చాలు. తొలి నమూనా సెకనుకు రెండు చొప్పున, సుమారు ఎనిమిది గంటలపాటు ఫొటోలు తీసి నడుముకు కట్టిన రికార్డరుకు పంపేది. గొట్టాలకు సులువుగా అందని చిన్నపేగు ఆ విధంగా వైద్యుల కంటికి కనిపించింది. రక్తం ఎక్కడ కారుతున్నదో తెలియక రక్తహీనతతో కృశించే రోగులకు ఇది వరమనడంలో సందేహం లేదు.

అయితే మన దేశంలో పేగుల క్షయ అరుదైన వ్యాధి కాదు. ఆ పుండ్లు క్రాన్స్ వ్యాధి పుండ్లను పోలి ఉంటాయి. మాత్ర ఫొటో తీయగలదే కాని పరీక్షకు కండ ముక్కను తేలేదు. క్షయను క్రాన్స్‌గా పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే రోగం మరింత ముదురుతుంది. పేగు ఇరుకైన చోట మాత్ర చిక్కుకుంటే శస్త్రచికిత్స కూడా తప్పకపోవచ్చు. అందుకే అనుమానం ఉన్నవారికి ముందుగా స్కానింగ్ చేయడమో, లోపలే కరిగిపోయే ఉత్తుత్తి మాత్రను మింగించి చూడడమో అవసరం.

ఒకసారి వాడి పారవేసే ఈ మాత్రకు వేల రూపాయలవుతాయి. 50,000 ఫొటోలను ఓపికగా పరిశీలించే అనుభవజ్ఞులూ కావాలి. పెట్టుబడి రాబట్టుకునేందుకు ప్రతి కడుపునొప్పికీ మాత్ర రాసే ప్రమాదం తోసిపుచ్చరానిది. మాత్ర ఏమి చూపగలదో, ఏమి చూపలేదో, ఇరుక్కుంటే ఏమి జరుగుతుందో రోగికి డబ్బు కట్టకముందే ఆసుపత్రులు చెప్పి తీరాలి.