సిడ్నీ హీరోను ఎవరూ కొనలేదెందుకు?

2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలోనూ హనుమ విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి ఓడిపోవాల్సిన మ్యాచ్‌ను డ్రా చేశాడు. కాకినాడలో పుట్టిన ఈ ఆటగాడిని దేశమంతా మెచ్చుకుంది. ఐదు వారాలు గడిచాయో లేదో, ఫిబ్రవరి 18న చెన్నైలో ఐపీఎల్ వేలం జరిగింది. విహారి పేరు పిలిస్తే ఒక్క ఫ్రాంచైజీ కూడా పాట పాడలేదు.

ఇప్పుడు 2024 నవంబరుకు రండి. జెడ్డాలో జరిగిన వేలానికి 1,574 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. పది జట్లలో ఉన్న ఖాళీలు 204. ఆ పోటీలో కాకినాడకే చెందిన పేసర్ సత్యనారాయణ రాజును ముంబయి ఇండియన్స్ కనీస ధర 30 లక్షలకు తీసుకుంది. అప్పటికి అతను భారత జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

టెస్టు హీరోకు ‘నో’, కొత్త కుర్రాడికి ‘యస్’. ఇదేం లెక్క? క్యాంపస్ డ్రైవ్‌లో 85 శాతం ఉన్నవాడు మిగిలిపోయి, 68 శాతం వాడికి ఆఫర్ వచ్చినప్పుడు మనకూ ఇదే అనుమానం వస్తుంది. వేలం లెక్క అర్థమైతే దీనికీ జవాబు దొరుకుతుంది.

ఖాళీని బట్టే ధర

ఫ్రాంచైజీ దేశంలోని గొప్ప ఆటగాళ్లకు ర్యాంకులు ఇవ్వడానికి వేలానికి రాదు. జట్టులో గరిష్ఠంగా 25 మంది, అందులో విదేశీయులు 8 మంది. చేతిలో డబ్బుకూ పరిమితి ఉంటుంది. ఈ లెక్కలో ‘మాకు లేనిదేంటి?’ అన్నదే మొదటి ప్రశ్న. విహారి బలం గంటల తరబడి వికెట్ కాపాడటం. టీ20లో జట్టు మొత్తానికి ఉండేవే 120 బంతులు. అతని నైపుణ్యం చిన్నదేం కాదు, ఆ ఉద్యోగానికి అవసరమైంది కాదంతే. అదే ఏడాది విహారి ఇంగ్లండ్ వెళ్లి వార్విక్‌షైర్‌కు కౌంటీ క్రికెట్ ఆడాడు. అతని ఆటకు ఖాళీ అక్కడ ఉంది.

2025 డిసెంబరు 16న అబుదాబిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. చెన్నై అంతకుముందే జడేజాను రాజస్థాన్‌కు ఇచ్చి సంజు శాంసన్‌ను తెచ్చుకుంది. దాంతో ఎడమచేతి స్పిన్ వేస్తూ బ్యాటింగ్ కూడా చేసేవాడి చోటు ఖాళీ అయింది. అదే పని చేయగల 20 ఏళ్ల ప్రశాంత్ వీర్ కనీస ధర 30 లక్షలు. చెన్నై అతనికి పెట్టింది 14.20 కోట్లు!

ఖాళీనే నమ్ముకుంటే?

అయితే అవసరం ఒక్కటే చూసినా దెబ్బే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. జట్లు వరుసక్రమంలో ఒక్కో కుర్రాడిని ఎంచుకుంటాయి. 1984లో రెండో అవకాశం పోర్ట్‌లాండ్‌ది. ఆ జట్టుకు డ్రెక్స్‌లర్ రూపంలో మంచి గార్డు ఉన్నాడు, పొడవాటి సెంటర్ కావాలి. అందుకే సామ్ బోవీని తీసుకుంది. బోవీ కెరియర్‌ను గాయాలు దెబ్బతీశాయి. మూడో అవకాశంలో చికాగో ఎంచుకున్న ఆటగాడి పేరు మైఖేల్ జోర్డాన్!

అంటే ఎంపిక చేసేవాళ్లూ పొరబడతారు. ‘రిజెక్టెడ్’ అంటే ఆ రోజు, ఆ జట్టు ఖాళీకి సరిపోలేదని మాత్రమే. మన సత్తాకు అదే తుది తీర్పు కాదు.

లోపలికి వెళ్లాక మళ్లీ ఆటే

2025 మార్చి 23న చెపాక్‌లో సత్యనారాయణ రాజు ముంబయి తరఫున అరంగేట్రం చేశాడు. బుమ్రా గాయంతో లేకపోవడంతో పేసర్ చోటు ఖాళీగా ఉంది. రెండు మ్యాచ్‌ల తర్వాత ఆ అవకాశం అశ్వనీ కుమార్‌కు వెళ్లింది. అతను తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాపై 4 వికెట్లు తీశాడు. సీజన్ అయ్యాక ముంబయి రాజును వదులుకుంది. ఖాళీ తలుపు తెరుస్తుంది, అంతవరకే. లోపల ఎంతకాలం ఉంటామన్నది చేసే పనిని బట్టే.

మీరేం చేయొచ్చు?

రాజమహేంద్రవరంలో చదివినా, భీమవరంలో చదివినా ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

ఒకటి, ఉద్యోగ ప్రకటనను ఖాళీ కోసం చదవండి. అందులో మళ్లీ మళ్లీ వచ్చే పని ఏది? టెస్టింగా, కస్టమర్లతో మాట్లాడటమా, ప్లాంటులో నాణ్యత చూడటమా? మీ రెజ్యూమెలో మొదటి వరుస దాని గురించే ఉండాలి.

రెండు, ‘అన్నీ వచ్చు’ అని రాయకండి. చివరి ఓవర్లు వేయగలనని చెప్పే బౌలర్‌కు చోటు ఎక్కడుందో జట్టుకు వెంటనే తెలుస్తుంది. మీరు గట్టిగా చేయగల ఒక పని, దానికి రుజువుగా ఒక ప్రాజెక్టు చూపించండి.

మూడు, ఒకే వేలం మీద ఆశలన్నీ పెట్టుకోవద్దు. సాఫ్ట్‌వేర్‌లో దొరకని చోటు బ్యాంకింగ్‌లోనో, ఆక్వా ఎగుమతి యూనిట్‌లోనో ఉండొచ్చు. తర్వాతి డ్రైవ్‌కు వెళ్లే ముందు ఆ కంపెనీకి ఇప్పుడు లేనిదేంటో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఇంకాస్త తెలుసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.