ఫ్యూజు ఎవరి కోసం?

ఓమ్ సూత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మీటరు బ్రిడ్జి ప్రయోగంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. జౌల్ సూత్రం మీద పరీక్షలో రెండు పేజీల జవాబు రాశాను. అయినా, గత సంక్రాంతి సెలవుల్లో మా పాత కారుకి స్టీరియో బిగించబోయి మా నాన్న అరచెయ్యి కాల్చాను. సావనీరులో రాసుకోవలసిన ఘనకార్యం కాదిది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కాని ఆ తప్పు చేసేటంత ధీమా నాకు ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచిస్తే, అది మనందరికీ సంబంధించిన విషయమని తోచి రాస్తున్నాను.

మాది వ్యవసాయ కుటుంబం. మిర్చికి కాస్త ధర పలికిన ఏడు నాన్న సెకండ్ హ్యాండు మారుతి 800 కొన్నాడు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. మాది 2006 నాటిది. అందులో క్యాసెట్టు ప్లేయరు ఎప్పుడో మూగబోయింది. ఫోను పాటలు వినిపించే కొత్త సెట్టు ఒకటి కొన్నాను. బిగించడానికి టౌనులో మేస్త్రీ ఆరు వందలు అడిగారు. "ఆరు వందలెందుకు నాన్నా, నేను చదివేది ఫిజిక్సే కదా!" అన్నాను. నాన్న నమ్మాడు. చదువుకున్న కొడుకు మాట కదా!

కొత్త సెట్టు వెనక వైర్లకు ఒక రంగుల భాష ఉంటుంది. సాధారణంగా పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి. స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడే రావాలి. నలుపు కారు బాడీకి. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జంటలు నాలుగు స్పీకర్లకి. ఇదంతా పెట్టెలోని కాగితం మీద ఉంది. కాని మా కారులో ఆ కాగితానికి జవాబు చెప్పే వైర్లు లేవు. వెనకటి యజమాని సాకెట్టు కోసేసి, మొండి వైర్లకు టేపు చుట్టి వదిలాడు. ఏది ఏదో టెస్టు లాంపు పెట్టి చూసుకోవాలి. నా దగ్గర టెస్టు లాంపు లేదు; సగం డిగ్రీ ఉంది!

ఎరుపూ పసుపూ కలిపేసి, బ్యాటరీ నుంచి నేరుగా ఒక సన్నటి వైరు లాగాను. ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్యనున్న రేకులో ఒక కన్నం ఉంటే అందులోంచి దూర్చాను. పాట వచ్చింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. తాళం తీసినా సెట్టు పూర్తిగా నిద్రపోదు కనుక రెండు రాత్రులకే బ్యాటరీ దిగిపోయింది. పండగనాడు వీధిలో నలుగురూ తోస్తే బండి కదిలింది. అంతటితో పోయినా బాగుండేది.

కనుమ మర్నాడు అమ్మను ఆస్పత్రికి తీసుకెళుతుంటే కాలిన వాసన వేసింది. డాష్‌బోర్డు కింద పొగ! నేను వెనక సీట్లో బొమ్మలా కూర్చున్నాను. నాన్న బండి ఆపి, బానెట్ లేపి, ఎర్రగా కాగిన ఆ వైరుని వట్టి చేత్తో పట్టి లాగేశాడు. బోల్టుకి ఊరికే చుట్టి వదిలాను గనుక ఊడి వచ్చింది. దాని తొడుగు ఆయన అరచేతికి అంటుకుపోయింది. అమ్మ కోసం బయల్దేరిన ప్రయాణం నాన్న కట్టుతో ముగిసింది.

జరిగిందేమిటి? రేకు అంచు ఒరుసుకుని వైరు తొడుగు తెగింది. రాగి కారు బాడీకి తగిలింది. "12 వోల్టులే కదా, షాకు కొట్టదు" అనుకుంటాం. షాకు కొట్టదు, నిజమే. కాని కారు బ్యాటరీ అంతర్నిరోధం చాలా తక్కువ. అడ్డు లేకపోతే వందల ఆంపియర్లు ఇవ్వగలదు. వేడి విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని రెండు పేజీలు రాసినవాణ్ణి నేనే!

మర్నాడు ఆ మేస్త్రీ దగ్గరికే వెళ్ళాం. ఆయన చదువు పదో తరగతితో ఆగింది. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఫ్యూజు ఎక్కడ పెట్టావు బాబూ?" అన్నారు. సెట్టు వెనకే ఉందిగా అని చూపించాను. అది చెక్కుచెదరలేదు. "ఇంతకీ ఫ్యూజు ఎవరి కోసం?" అన్నారు. "సెట్టు కోసం" అన్నాను. "సెట్టు వెనకది సెట్టు కోసం. బ్యాటరీ పక్కన జానెడు దూరంలోపు పెట్టేది వైరు కోసం. వైరు కాలితే బండి కాలుతుంది, బండిలో మనుషులుంటారు" అన్నారు. మూడేళ్ళలో నేను వినని భౌతికశాస్త్రం అది. కన్నానికి రబ్బరు బుష్ వేశారు, తగిన లావు వైరు వేశారు, ఎరుపుని తాళానికి కలిపారు. అవే ఆరు వందలు తీసుకున్నారు.

అయితే మన చదువు దండగా? కాదు, మిత్రులారా! సెట్టు పెట్టె మీద "50 వాట్లు × 4" అని ఉంది. దాని ఫ్యూజు 10 ఆంపియర్లు. ఇంజను నడిచేటప్పుడు 14.4 వోల్టులనుకున్నా లోపలికి నిలకడగా వచ్చేది 144 వాట్లు. మరి 200 ఎలా పోతాయి? 4 ఓముల స్పీకరుకి ఆ వోల్టేజీతో, చెదరని ధ్వనిగా అందేది లెక్కకి 26 వాట్లు. నిజానికి ఇంకా తక్కువే. కాగితం మీద వేసి చూపిస్తే మేస్త్రీ ముఖం వెలిగింది. "ఈ అంకె మీద కస్టమర్లతో ఎన్ని తగవులు పడ్డానో!" అన్నారు. పాత కార్లలో కొందరు స్పీకరు ఒక వైరుని బాడీకి కలిపేవారనీ, కొత్త సెట్టుకి అలా చేస్తే పాడవుతుందనీ ఆయనకి తెలుసు. ఎందుకో తెలియదు. ఈ సెట్లలో స్పీకరు రెండు కొసలనూ రెండు యాంప్లిఫయర్లు నడుపుతాయి, ఏ కొసా ఎర్తు కాదు అని నేను చెప్పాను. ఆయన చేతికి నా పుస్తకం, నా పుస్తకానికి ఆయన చెయ్యి కావాలి. ఈ రెంటి మధ్య గోడ కట్టిందెవరు?

ఇంటికొచ్చాక బోరు మోటారు స్టార్టరు పెట్టె తెరిచాను. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఎప్పుడో లావుపాటి రాగి వైరు కట్టి ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. నాకు ఏనాడూ ప్రశ్న పుట్టలేదు, ఎందుకంటే అది సిలబసులో లేదు. కట్టున్న చేత్తో టార్చి పట్టుకుని నాన్న అన్నాడు: "ఇది కూడా తప్పేనేంట్రా?" అవును నాన్నా, ఇదే పెద్ద తప్పు. ఆ రోజే మెయిన్ ఆపించి సరైన ఫ్యూజు వైరు వేయించాం.

"డిగ్రీ చదివేవాడికి మెకానిక్కు పనెందుకు?" అని కొందరు మిత్రులు అంటున్నారు. మెకానిక్కులం కమ్మని నేననడం లేదు. తెలియదని తెలుసుకునేపాటి అనుభవం కావాలంటున్నాను. విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే: నెలకొక శనివారం ఒక వైరింగ్ మేస్త్రీనో, మోటారు రీవైండింగ్ పనివారినో మన ప్రయోగశాలకు పిలుద్దాం. వేదిక మీద అతిథులకు వేసే కుర్చీయే వారికీ వేద్దాం, అదే గౌరవ పారితోషికం ఇద్దాం. అధ్యాపకులు పక్కన నిలబడి సూత్రం చెప్పాలి. పూర్వ విద్యార్థులు పాత మోటార్లు, పాత సెట్లు నాలుగు ఇప్పించాలి.

మా కారులో ఇప్పుడు పాటలు బాగానే వినిపిస్తున్నాయి. స్టీరింగు మీద నాన్న కుడి అరచేతిలో మచ్చ కనిపిస్తూనే ఉంటుంది. నేను రాసిన జౌల్ సూత్రం జవాబుకి అసలు మార్కులు అక్కడ పడ్డాయి.

— భౌతికశాస్త్ర విద్యార్థి, బి.ఎస్సీ. మూడవ సంవత్సరం