వైట్‌బోర్డు ఫొటో తెల్లబడాలి, లెక్క తప్పకూడదు

తరగతి ముగియగానే వైట్‌బోర్డును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవడం విద్యార్థులకు అలవాటైంది. తీరా చూస్తే ఒక మూల వెలుగు, మరో మూల నీడ. కంటికి బోర్డంతా తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురులోని తేడాను మెదడు సర్దుకుంటుంది. కెమెరా సర్దుకోదు. నీడలోని తెలుపు, వెలుగులోని లేత సిరా కంటే ముదురుగా నమోదు కావచ్చు.

అందుకే ఫొటో మొత్తానికీ ఒకే హద్దు పెట్టి నలుపు, తెలుపులుగా విడదీస్తే నీడ నల్లమచ్చగా మారుతుంది, లేత గీత మాయమవుతుంది. పోయింది దశాంశ బిందువో, మైనస్ గుర్తో అయితే లెక్కే తప్పు.

ఇంతకంటే మేలైన దారి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఉంది. ఫొటో లేయర్‌కు నకలు తీసి, అక్షరాలు కరిగిపోయేంతగా గాసియన్ బ్లర్ ఇవ్వాలి. మిగిలేది దాదాపు వెలుతురు పటమే. ఆ పై లేయర్‌కు డివైడ్ మోడ్ ఎంచుకుంటే, అసలు ఫొటోలోని ప్రతి పిక్సెల్ విలువను అక్కడి వెలుతురుతో భాగిస్తుంది. నీడ తొలగి, సిరా రంగులు నిలుస్తాయి. లెవెల్స్‌తో కాస్త సర్దితే చాలు.

ఒక్క నొక్కుతో శుభ్రం చేసే యాప్‌లు వద్దని కాదు. అవి ఏం తీసేస్తున్నాయో తెలియాలి. భాగహారం వచ్చిన పిల్లలకు ఈ కిటుకును కంప్యూటర్ పాఠంలోనే నేర్పవచ్చు. శుభ్రం చేసిన ఫొటో చదువుకోవడానికి, అసలుది సరిచూసుకోవడానికి. అసలుదాన్ని మాత్రం చెరిపేయకూడదు.