లారీ డ్రైవర్ల రాబడి



లైను లారీ తోలువానికి రాబడి ఎక్కువని, లోకలు బండివానికి తక్కువని మా బళ్లారి తెలుగు కుటుంబములలో గట్టి నమ్మకము. మా చెల్లెలి కుమారులలో పెద్దవాడు దూరపు లైనులో ఉన్నాడు. చిన్నవాడు సండూరు గనులనుండి తోరణగల్లుకు ఇనుప ఖనిజము తోలును. మొన్న ఇద్దరిచేత లెక్క వ్రాయించితిని.

పెద్దవానికి జీతము, బత్తా కలిపి నెలకు 30,000 రూపాయలు. దారిలో తిండికి, టీకి 6,000 పోగా మిగులు 24,000. పని 24 దినములు. సరకు దించువరకు పడిగాపులతో సహా దినమునకు 14 గంటలు. గంటకు 71 రూపాయలు పడినది. చిన్నవానికి 19,500, ఇంటి క్యారియరు, 26 దినములు, 9 గంటల చొప్పున. గంటకు 83 రూపాయలు!

పెద్దవాడు 4,500 అధికముగా తెచ్చుట నిజమే. అందుకు 102 గంటలు అధికముగా శ్రమించెను. ఆ అదనపు గంట విలువ 44 రూపాయలే.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలనియు, దూరపు మార్గములలో అనుమతిపైనను 10 గంటలు మించరాదనియు విధించెను. 14 గంటలు మేలుకొన్నవాని కన్ను మూతపడిన, ఎదుటి బండివానికిని ముప్పే. యజమానులు పడిగాపులకు వేరుగా బత్తా ఈయవలెను. పిల్లలను పనిలో పెట్టు పెద్దలు జీతముతోపాటు గంటలు గూడ అడుగవలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బళ్లారి