హార్నెస్‌కు కుట్టు వేయించకండి

మేఘాలయ గుహల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ ఒంటికి కట్టుకునే హార్నెస్ కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవారి దగ్గర బిగించుకోవచ్చన్న సలహా ప్రమాదకరం. మనిషి బరువంతా మోసేది ఆ కుట్లే. దారం తెగితే హార్నెస్ మార్చాల్సిందే.

అలాగని అరిగినవన్నీ పారేయనక్కర్లేదు. దిగడానికి వాడే డిసెండర్‌లో తాడు ఒరుసుకుంటూ సాగే బాబిన్లను చాలా రకాల్లో విడిగా కొని మార్చుకోవచ్చు.

వ్యాసంలో అసలు ప్రస్తావనే లేనిది తాడు మీద పైకి ఎక్కడానికి వాడే, ఛాతీ దగ్గరి అసెండర్. తాడుకు పట్టిన బురద, ఇసుక దాని అల్యూమినియం గాడిని అరగదీస్తాయి. అంచు పదునెక్కితే అదే తాడు పైతొడుగును కోసేస్తుంది. తాడును పట్టే పళ్లు బాగానే ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు. గాడిలో వేలు పెట్టి తడిమి చూడాలి. పదును తగిలితే ఇక వాడకూడదు. ఆకురాయితో నున్నగా రుద్దడం మరీ తప్పు, లోహం ఇంకా పలచబడుతుంది.

తాడును మంచినీళ్లలో కడిగి నీడన ఆరబెట్టాలి. నైలాన్ తాడును బ్యాటరీ యాసిడ్ దరిదాపుల్లో ఉంచకూడదు. దెబ్బతిన్న ముక్క కోసేస్తే, మిగిలిన పొడవు కొలిచి కొత్త గుర్తు వేయాలి. పాత గుర్తును నమ్మి దిగితే తాడు నేల దాకా అందకపోవచ్చు. అందుకే చివర ముడి లేకుండా ఎవరినీ దిగనివ్వకండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం