వేలిముద్ర నుంచి ఓటీపీ దాకా

మన తాతలతో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకొని షావుకార్లు భూములు రాయించుకున్నారు. 1970లో 1/70 చట్టం వచ్చాక కూడా దొంగ కాగితాలు ఆగలేదు. "చదువు లేక మోసపోయారు" అన్నారు.

మరి ఇయ్యాల యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న మనవడు ఏం చేస్తున్నడు? "నీ స్కాలర్‌షిప్ ఆగింది, ఓటీపీ చెప్పు" అని ఫోనొస్తే చెప్పేస్తున్నడు. "అకౌంట్ ఇస్తే కమీషన్" అని ఎవడో అంటే ఏటీఎం కార్డు, సిమ్ తీసి చేతిలో పెడుతున్నడు. ఆ ఖాతాలోంచి దొంగ సొమ్ము దాటిపోతది. పోలీసులు కొట్టేది మాత్రం ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల తలుపే.

తప్పంతా పిల్లలదే అనే పెద్దలకు మా ప్రశ్న. ఆధార్, కులపత్రం, పాస్‌బుక్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమని అడిగేదెవరు? స్కాలర్‌షిప్ లిస్టును ఫోన్ నంబర్లతో సహా నోటీసు బోర్డుకు అంటించేదెవరు? ఏడాదికోసారి ఇంగ్లీషులో సెమినార్ పెట్టి ఫొటో దిగితే అవగాహన వస్తదా?

2018లో తెలంగాణలో ఒక కేసు బయటపడింది. రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశారు. ఆ కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టింది చదువురాని వాళ్లా?

ఇది డబ్బుతోనే ఆగదు. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామిని 2020లో అరెస్టు చేశారు. 84 ఏళ్ల వయసులో, 2021 జూలై 5న, కస్టడీలోనే చనిపోయారు. ఆయన కంప్యూటర్లోకి హ్యాకర్ చొరబడి ఫైళ్లు పెట్టాడని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2022 డిసెంబరులో తేల్చింది. హక్కులడిగే వాళ్ల పాస్‌వర్డ్ వాళ్ల ఒక్కరి సంగతి కాదు. అందులో ఊరందరి పేర్లుంటాయి.

తమ్ముడూ, చెల్లే! ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఖాతా, సిమ్ అద్దెకియ్యకు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్. వాట్సాప్‌కు, మెయిల్‌కు రెండంచెల తాళం పెట్టు. నెట్ సెంటర్లో లాగౌట్ అయ్యి, నీ ఫైళ్లు డిలీట్ చేసి లే. మోసపోతే సిగ్గుపడి దాచుకోకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతది.

యూనివర్సిటీలను మనం అడగాల్సింది కూడా ఉంది. మా కాగితాలు వాట్సాప్‌లో అడగొద్దు. మా లిస్టులు గోడలకెక్కించొద్దు. గోండిలో, కోయలో, తెలుగులో ప్రతి హాస్టల్లో నేర్పాలి.

తాత వేలిముద్రతో పోయిన భూమి ఇంకా తిరిగి రాలేదు. మన ఓటీపీతో ఇంకేదీ పోనియ్యొద్దు.